సోమవారం పేడనీళ్ళు

"గట్టిగా చదవవే! లోపలికి వినపడొద్దూ?" అని కసిరింది అప్పాయమ్మ, పేడనీళ్ళ చెంబు పట్టుకుని రెండు బారల దూరంలో నిలబడి.

సంపూర్ణమ్మ గొంతు పెంచింది. ఆమె మిషన్ పంతులమ్మ. ఆదివారం గుళ్ళో ఆరాధన ముగించుకుని, సోమవారం పొద్దున్నే భీమవరంలో ఇల్లిల్లూ తిరిగి, గడప దాటలేని ఆడవాళ్ళకు నాలుగు ఆదరణ మాటలు చెప్పి రావడం ఆమె పని. ఆ ఇళ్ళన్నిటిలోకీ ఈ ఇల్లు తలుచుకుంటేనే ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది. వీధి వైపు నుంచి రానివ్వరు. దొడ్డిదారిన వచ్చి, గొడ్ల సావిడి పక్కన, పశువుల ఉచ్చ ఇంకిన నేల మీద చిరుగుచాప పరుచుకుని కూర్చోవాలి. మూతి మీద వాలే ఈగల్ని తోలుకుంటూ ప్రభువు ప్రేమ గురించి చెప్పాలి.

పోనీ, అదైనా ఓర్చుకోవచ్చు. చదవడం పూర్తికాకుండానే ముసలమ్మ శుద్ధి మొదలుపెడుతుంది. పేడనీళ్ళు చల్లుకుంటూ చాప చుట్టూ తిరుగుతుంది, చుట్టుకో అడుగు దగ్గరికి జరుగుతుంది. మధ్యమధ్య పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్ముతుంది. ఊరి వెలుపలి పేటలో పుట్టిన సంపూర్ణమ్మకు ఈ మైల సంగతులు కొత్తవి కావు. కానీ మనిషి ఎదుట కూర్చుని ఉండగానే కడిగేసుకోవడం మాత్రం ఇక్కడే చూసింది. ప్రతి సోమవారం ఇక్కణ్ణుంచి కాలవ రేవుకు పోయి, పేడ తుంపరలు పడిన చీర ఉతుక్కుంటేనే గాని మరో ఇంటికి వెళ్ళడానికి లేదు.

అయినా మూడు నెలలుగా వస్తోందంటే కిటికీ వెనక ఉన్న ఆ పిల్ల కోసం. రాజరత్నం, అప్పాయమ్మ కోడలు. పదమూడేళ్ళుంటాయి. అప్పాయమ్మకు ఒక్కడే కొడుకు. కిందటేడు వాంతిభేదికి పోయాడు. ఆ పదో రోజునే పిల్లకు గుండు చేయించి గదిలో కూర్చోబెట్టారు. "మా కోడలు కుమిలి చస్తోంది. వారం మొదట్లో నాలుగు మంచి మాటలు పడితే మిగతా రోజులు నెట్టుకొస్తుంది. ఆ పంతులమ్మను వచ్చి చెప్పి పొమ్మను" అని, సావిడిలో పేడ తీసే లోవమ్మ చేత కబురు పెట్టింది అప్పాయమ్మే. ఆ కబురు విని సంపూర్ణమ్మ ఎంతో సంబరపడింది.

ఊచల వెనక ముసుగులోంచి ఆ పిల్ల కళ్ళు సంపూర్ణమ్మ పెదవులనే చూస్తుంటాయి. రెప్ప కూడా వెయ్యదు. ఎప్పుడైనా సంపూర్ణమ్మ నవ్వితే తనూ నవ్వుతుంది. ఆ నవ్వు కోసం ఎన్ని చీరలు పాడైనా ఫరవాలేదనుకునేది సంపూర్ణమ్మ.

"ఈవేళ పిల్లకి కొత్త కథ చెబుతానండి, అమ్మగారూ."

"కొత్తవేం వద్దు. ఆ పాడె కథే చెప్పు."

"అది ఇప్పటికి ఆరుసార్లు చెప్పానండి."

"దాని మట్టిబుర్రకి ఎక్కలేదు. చెప్పమంటూంటే!"

సంపూర్ణమ్మ పళ్ళు నూరుకుని చెప్పింది. ఒక విధవరాలి ఒక్కగానొక్క కొడుకు పోయాడు. శవాన్ని ఊరి బయటికి మోసుకుపోతుంటే ప్రభువు ఎదురొచ్చి, ఆ తల్లిని చూసి జాలిపడి, పాడె మీద చెయ్యి వేసి, ఆ కొడుకుని బతికించి తల్లికి అప్పగించాడు.

"పాడెని ముట్టుకున్నాడా?" అంది అప్పాయమ్మ.

"ముట్టుకున్నాడండి."

"మైల అనుకోలేదూ?"

"అనుకోలేదండి."

"ఛీ!" అని అప్పాయమ్మ అటు తిరిగి ఉమ్మి, చెంబులో చెయ్యి ముంచి ఒక్క విసురు విసిరింది. పేడనీళ్ళు వచ్చి తెరిచిన పుస్తకం మీద చిమ్మాయి.

సంపూర్ణమ్మ పవిటకొంగుతో పేజీ తుడిచి, పుస్తకం మూసి లేచింది.

"వచ్చే సోమవారం నుంచి నేను రానండి."

"రాకపోతే ఎలాగే? సోమవారం పూట ఆ పిల్ల గతేంటి?"

"మీరున్నారు కదండీ. ఏడుసార్లు మీ చెవిన కూడా పడింది. మీరే చెప్పుకోండి."

"నేనా! మీ మాటలు నేనెందుకు వింటానే? నా చెవులకి అంటు!" అంది అప్పాయమ్మ. ఇంత అసహ్యం పెట్టుకుని ఈ మనిషి రాత్రుళ్ళు ఎలా నిద్రపోతుందో అనుకుంది సంపూర్ణమ్మ. కిటికీ వైపు చూసి చెయ్యి ఊపింది. పిల్ల ఎప్పటిలాగే నవ్వింది. ఆ నవ్వు చూడలేక గబగబా దొడ్డిగుమ్మం దాటేసింది.

పేడ తట్ట నెత్తిన పెట్టుకుని లోవమ్మ వెనకాలే వచ్చింది.

"పంతులమ్మగారూ, నిజంగానే మానేత్తారాండీ?"

"మానేస్తాను లోవమ్మా. ఆ ముసలమ్మను చూస్తే రోత పుడుతోంది నాకు. రాయికైనా చెమ్మ ఉంటుందేమో గాని ఆవిడకు లేదు. ఎటొచ్చీ ఆ పసిదాన్ని తలుచుకుంటేనే కాళ్ళు ముందుకు పడటం లేదు. నువ్వు రోజూ వెళ్ళేదానివి. సోమవారం నాడు ఆ కిటికీ దగ్గర కాసేపు నిలబడి, నీకు గుర్తున్నంత మట్టుకు ఆ పాడె కథ పిల్లకు చెప్పు. నీకు పుణ్యముంటుంది."

లోవమ్మ ఆగిపోయి, తట్ట కిందికి దించి, ఆమె మొహంలోకి వింతగా చూసింది.

"ఆ పిల్లకి చెప్పడమేంటండీ? మీకు తెలీదా?" అంది.

"ఏమిటి?"

"దానికి పుట్టుచెవుడండి."