పూడ్చిన కిటికీ

సిరిసిల్ల దవాఖాన నుంచి వచ్చిన నర్సమ్మ దేవయ్య ఇంటి గోడ మీది నల్ల బూజును గోరుతో గీకింది.

"సున్నం ఎన్నిసార్లేసినా గాలాడకుంటే బూజు మల్లొస్తది దేవన్నా. నీ బిడ్డ దగ్గు దీనితోనే. గీడ కిటికీ ఉండె గద, ఎందుకు పూడ్చినవ్?"

"దొంగల భయం," అన్నాడు దేవయ్య. రెండేళ్లుగా అందరికీ చెబుతున్న మాటే.

"దొంగలు ఎత్తుకపోను మనింట్ల ఏమున్నది, గీ బూజు తప్ప?" అంది భార్య సత్యవ్వ.

లోపల పిల్ల మళ్లీ దగ్గింది. దేవయ్య తల వంచుకున్నాడు.

"ఓ రాత్రి అడవిలకెల్లి తమ్ముడచ్చి గా కిటికీ కొట్టిండు. పోలీసోళ్లకు భయపడి నేను తియ్యలే. తెల్లారి ఎన్‌కౌంటర్‌ల సచ్చిపోయిండు. గా కిటికీని సూడలేక ఇటుకలు పేర్సిన."

మూలన కూర్చున్న తల్లి ముత్తవ్వ తలెత్తకుండానే అంది:

"'అవ్వా' అని గూడ పిలిచిండు. ఇన్న కొడుకా. నేను సుత లేవలే."