రింగు ఎవరిదండీ!

"మధ్య వదలకమ్మా నిఖితా! మధ్యలో నిలబడు!"

శ్యామ్ బాబు అరిచిన అరుపుకి పోటీలు జరుగుతున్న కల్యాణ మండపంలో ముందు వరస వాళ్ళంతా ఉలిక్కిపడి చూశారు. రావులపాలెం అరటి మార్కెట్లో వేలంపాట పాడేవాళ్ళకి ఉండవలసిన గొంతు పొరపాటున ఒక బాక్సింగ్ కోచ్‌కి వచ్చింది. రింగులో నిఖిత మాత్రం మధ్య చోటంతా రాజోలు పిల్ల హారికకి వదిలేసి, తాళ్ళ దాకా వెనక్కి జరిగింది.

శ్యామ్ బాబు నుదురు కొట్టుకున్నాడు. ఆయన తయారుచేసిన పిల్ల జిల్లా ఫైనల్ దాకా రావడం ఇదే మొదలు. గెలిస్తే రాష్ట్ర పోటీలకి వెళుతుంది. ఓడిపోతే అమలాపురం కాలేజీలో ఆయన బాక్సింగ్ గదిని విరిగిన బెంచీలు పడెయ్యడానికి వాడుకుంటామని ప్రిన్సిపాల్ సూర్యప్రకాష్ గారు ఎంతో మర్యాదగా చెప్పేశారు. చెప్పినాయన ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు.

రింగుని ఏలడం ఎలాగో శ్యామ్ బాబుకి తెలిసినంత ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. తెలియనిదల్లా ఏలడమే. వయసులో ఉండగా ఆయన ఎక్కిన ప్రతి రింగులోనూ ఎదుటివాడు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడి, బుద్ధిగా దెబ్బలు తిని దిగాడు. "అంత బాగా తన్నులు తిన్నాను కాబట్టే ఇంత బాగా చెప్పగలుగుతున్నానర్రా" అని పిల్లల దగ్గర ఆయనే నవ్వుతూ ఒప్పుకుంటాడు. ఆ తన్నుల్లో చాలామటుకు మోషేవి. ఇప్పుడు హారిక కోచ్‌గా అవతలి మూల నిలబడ్డది ఆ మోషేనే. వాడు అప్పుడూ మాట్లాడలేదు, ఇప్పుడూ మాట్లాడడు.

మొదటి రౌండు అయింది. శ్యామ్ బాబు స్టూలు వేసి, నిఖిత నోటికి నీళ్ళసీసా అందించి మొదలుపెట్టాడు.

"చూడమ్మా, చేతులు పొడుగున్నవాళ్ళు మధ్యలో నిలబడి ఎదుటివాళ్ళని చుట్టూ తిప్పుతారు. మీదపడి కొట్టేవాళ్ళు వెనకాల పరిగెత్తరు, అడ్డం వెళ్ళి దారి కోసి మూలకి తోలతారు. కాచుకుని కొట్టేవాళ్ళు వెనక్కి పోతున్నట్టు కనబడి, దగ్గరికి రప్పించి కొడతారు. తాళ్ళకి ఆనుకున్నా సరే, రింగు వాళ్ళదే. ఎక్కడ నిలబడ్డావన్నది కాదమ్మా, ఎదుటిదాన్ని ఎక్కడ నిలబెట్టేవన్నదే లెక్క. అర్థమైందా?"

"ఆయ్" అంది నిఖిత.

"మరి మధ్యలోకి వస్తావా, వెనక్కే ఉంటావా?"

"ఆయ్."

"రెండిట్లో ఏదమ్మా?"

"ఆయ్ సార్."

పిల్ల వినయానికి శ్యామ్ బాబు మురిసిపోయాడు. ఆయ్ అన్నాక ఇంక అడగడానికేముంది? కోనసీమలో పెళ్ళి సంబంధాలే ఆ ఒక్క మాట మీద కుదిరిపోతాయి. గంట కొట్టినా నిఖిత స్టూలు మీంచి కదలకపోతే, ఎంత నిబ్బరమో అనుకుని భుజం తట్టి లేపాడు.

రెండో రౌండులో హారిక మీద మీదకి వచ్చింది. నిఖిత వెనక్కి ఒక అడుగు వేసింది.

"వెనక్కి! రానీ, రానీ దాన్ని!" అని అరిచాడు శ్యామ్ బాబు.

హారిక విసిరిన దెబ్బ గాలిలో పోయింది. నిఖిత పక్కకి తప్పుకుని కుడిచేత్తో గట్టిగా ఒక్కటిచ్చింది.

"పక్కకి! కొట్టు!" అన్నాడు ఆయన. కాస్త ఆలస్యమైందేమో గాని, అన్నది మాత్రం సరిగ్గానే అన్నాడు. సూర్యప్రకాష్ గారు పక్కవాళ్ళతో ఏదో చెబుతూ తనని చూపించడం గమనించి, గొంతు ఇంకాస్త పెంచాడు.

విరామంలో నిఖిత ముఖం తుడుస్తూ గట్టిగా హెచ్చరించాడు. "ఇలాగే కానీ. ముందుకి మాత్రం వెళ్ళకు. ఆ పిల్లది బరువు చెయ్యి. ఒక్కటి తగిలిందంటే మన గదిలో బెంచీలే. వెళ్ళవుగా?"

"ఆయ్."

మూడో రౌండు మొదలవుతూనే నిఖిత ముందుకి వెళ్ళింది.

"వద్దమ్మా! వద్దు! వద్దన్నానా!"

శ్యామ్ బాబుకి గది తలుపు తీసి బెంచీలు మోసుకొస్తున్నవాళ్ళు కళ్ళముందు కనబడ్డారు. కానీ హారిక అప్పటికే నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. ఆమె కుడివైపు జరిగితే నిఖిత కుడివైపు అడ్డం వెళ్ళింది, ఎడమవైపు జరిగితే ఎడమవైపు. అలా తోలుకుంటూ వెళ్ళి మూలలో పెట్టి, ఆఖరి గంట దాకా బయటికి రానివ్వలేదు.

"అదీ! దారి కొయ్యి! మూలకి తోలు! నేను చెప్పిందే!" అని ఎగిరి గంతేశాడు శ్యామ్ బాబు.

రిఫరీ నిఖిత చెయ్యి పైకెత్తాడు. శ్యామ్ బాబు ఏడ్చేశాడు. సిగ్గుపడకుండా, తుడుచుకోకుండా ఏడ్చాడు. ఇన్నేళ్ళకి ఒక్క రింగు ఆయన మాట విన్నది.

ఎన్నడూ మాట్లాడని మోషే కూడా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరేయ్ శ్యామూ, నీ నోటికి తగ్గ పిల్ల దొరికిందిరా. నువ్వనడం, అది చెయ్యడం. నా పిల్ల నా మాట ఒక్కటి వింటే ఒట్టు."

"గది మీదేనండి మాస్టారూ" అన్నారు సూర్యప్రకాష్ గారు. "ఇక్కడ నిలబడి అక్కడ పిల్లని ఆడించేశేరండి!"

"నాదేవుందండీ, దెబ్బలు తిన్నది పిల్ల. నేను నోరు ఆడించేనంతే" అన్నాడు శ్యామ్ బాబు, ప్రిన్సిపాల్ గారు ఆ మాట మళ్ళీ అంటే బావుణ్ణని ఆశపడుతూ. ఆయన అనలేదు. దాంతో శ్యామ్ బాబే నిఖిత వైపు తిరిగి, అందరికీ వినబడేలా అడిగాడు.

"ఏమ్మా, ఆఖర్న నేను ముందుకి వెళ్ళమన్నప్పుడు భయం వెయ్యలేదూ?"

నిఖిత గ్లౌజులు ఊడదీసి, హెడ్‌గార్డ్ విప్పి, రెండు చెవుల్లోంచీ దూది లాగి, "ఏవన్నారండీ?" అంది.