నల్లా పైపుకు చుట్టిన తీగ

ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్ కొడుతోందని ఎలక్ట్రీషియన్ ప్రేమ్‌రాజ్‌ను పిలిచాను. మాదన్నపేటలోని మా పాత ఇంటికి ఎర్తింగ్ లేదు. అతను సాకెట్ నుంచి పచ్చ తీగ లాగి నల్లా పైపుకు చుట్టాడు.

“ఇగ షాక్ రాదు బాపూ. ఫికర్ చెయ్యకు.”

రాలేదు. దేవుడే తీసేశాడనుకుని దండం పెట్టుకున్నాను. ఆ షాక్ ఎటు పోయిందని మాత్రం ఎవరినీ అడగలేదు.

నాలుగు రోజులకు, గోడ అవతల ఒంటరిగా ఉండే కాశమ్మక్క అంది: “తమ్మీ, నల్లా ముడితే చెయ్యి జివ్వుమంటున్నదేంది?”

“వాతం అక్కా. తైలం రాసుకో.”

“నీకు రాదా ముసలితనం, జర ఆగు,” అని నవ్వింది.

ఆ రాత్రి రెండింటికి నీళ్లొచ్చాయి. ఇంట్లో నేనొక్కడినే. తడి కాళ్లతో నల్లా తిప్పగానే నా వేళ్లు జివ్వుమన్నాయి. గోడ అవతల అక్క బిందెలో ధార పడుతోంది. మా రెండిళ్లకే కాదు, గల్లీ మొత్తానికీ అదే పైపు.

పరుగెత్తి ఫ్రిజ్ ప్లగ్గు పీకాను. మెయిన్ ఆపాను. చీకట్లో వేలి వెనక వైపుతో పైపును తాకి చూశాను.

ఇంకా జివ్వుమంది.

ఈ గల్లీలో ఎన్ని ఇళ్లవాళ్లు ఆ పైపుకు తీగ చుట్టి, నాలాగే దండం పెట్టుకున్నారో.

“కాశమ్మక్కా, నల్లా ముట్టకు,” అని గోడ మీద కొట్టాను.

అవతల బిందె నిండింది. నీళ్లు పొర్లి బండల మీద పడుతున్నాయి. అక్క ఎన్నడూ చుక్క వృథా పోనివ్వదు.

మళ్లీ పిలిచాను. ధార ఆగలేదు.