వీపు మీది తుపాకీ

తన చెల్లెలు అమృతను తాగి కారు నడిపి చంపిన శశాంక్ జైలు నుంచి విడుదలయ్యాడని తెలియగానే, కోదండరామ్ గ్వెల్ఫ్ పట్టణంలో అతని ఇంటికి బయల్దేరాడు. తుపాకీని బ్యాక్‌ప్యాక్‌లో పెట్టుకున్నాడు. బస్సులో ఎవరికీ అనుమానం రాలేదు. ఒకటే చిక్కు, అవసరానికి అది చటుక్కున చేతికందదు.

చలికాలపు చీకట్లో తలుపు తట్టాడు. శశాంక్ తీశాడు.

"గుర్తుపట్టావా? నేను అమృత అన్నయ్యని."

శశాంక్ చూపు అతని భుజం మీదుగా వెనక్కి పోయి అక్కడే ఆగిపోయింది.

"మీరొచ్చారు సరే, తననెందుకు తీసుకొచ్చారండీ?" అన్నాడు వెనక్కి జరుగుతూ.

వెనక మంచులో అడుగుల చప్పుడేమీ లేదు. కానీ బ్యాగు జిప్పు నెమ్మదిగా తెరుచుకుంటున్న శబ్దం వినిపించింది. వీపు మీద బరువు తగ్గింది.

కోదండరామ్ వెనక్కి తిరగలేదు.

"కానివ్వమ్మా," అంటూ పక్కకు తప్పుకున్నాడు.