ఇంటికొక్క దండ

“దండ యాడుందో చెప్పవ్వా. చూడందే నేను ఈ వాకిట్లోంచి కదలను.”

రుద్రమ్మ తలెత్తలేదు. నెరిసిన జుట్టు మొహాన పడుతున్నా తోసుకోకుండా, రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూనే ఉంది.

“ఏ దండ?”

“మూడు నెలల కింద నీ కోడలి చేతికిచ్చిన దండ. ఎర్రపూసలు, పచ్చపూసలు.”

“పిల్లోళ్లు ఆడుకోని యాడో పారేసుంటారు.”

నర్సు సుగుణమ్మకు ఒళ్లు మండింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ డాక్టర్లు మైసూరు వైపు నేర్పుతున్నారని తెలిసి, అంతదూరం పోయి నేర్చుకొచ్చిన లెక్క అది. రోజుకో పూస జరపాలి. పచ్చపూస నాడు కడుపొస్తుందన్న భయం లేదు. ఎర్రపూస నాడు మొగుడికి దూరంగా ఉండాలి. ఇంతే. ఎన్నో దేశాల వాళ్లు తలలు బద్దలు కొట్టుకుని కనిపెట్టిన ఆ దండను ఎమ్మిగనూరులో అంజినమ్మ దూడ మెడలో కట్టింది. సుంకులమ్మ ఎరుపంటే శుభమనుకుని లెక్క తిరగేసింది. ఆమెకిప్పుడు మూడో నెల.

ఆ రెండిళ్ల సంగతి తలుచుకుని ఆదోని పోయే బస్సులో నవ్వుకోవచ్చు. ఈ ఇంటి సంగతి అలాంటిది కాదు. రుద్రమ్మ కోడలు తిప్పమ్మకు ఇరవై ఏళ్లకే మూడు కాన్పులు. మూడోదానికి నెత్తురు ఆగక చావు దాకా పోయి వచ్చింది. ఇంకొకటి వస్తే బతకదని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది.

దండ ఇచ్చిన రోజే రుద్రమ్మ వాలకం సుగుణమ్మకు నచ్చలేదు. కోడల్ని నోరెత్తనివ్వకుండా ప్రశ్నలన్నీ తనే వేసింది. “మొగుడు తాగొచ్చి మీద పడితే ఏ పూస అడ్డమొస్తాది నర్సమ్మా?” అంటే వీధి ఆడవాళ్లందరూ ఫక్కున నవ్వారు. పోయేటప్పుడు వెంటపడి, “ఇంటికొకటేనా ఇచ్చేది?” అని కూడా అడిగింది. “ఒక్కటే. నీ కూతుళ్లకు కావాలంటే వాళ్ల ఊళ్లల్లో అడగమను,” అని సుగుణమ్మ విసుక్కుని బస్సెక్కింది.

“సరే, తిప్పమ్మను పిలువు. ఆమెనే అడుగుతా.”

“లేదు. గూడూరుకు పంపించినా, వాళ్లమ్మింటికి.”

“ఎప్పుడు?”

“నువ్వొచ్చి పోయిన మర్సటి దినమే.”

“అంటే దండ లాక్కుని తరిమేశావన్న మాట. నీ కొడుకు మహానంది ఏమంటున్నాడు? పెండ్లాన్ని చూసొస్తున్నాడా?”

“నేను పోనిస్తే గదా,” అంది రుద్రమ్మ, దారం తెగితే ముడి వేసుకుంటూ.

లోపల మగ్గం గుంటలోంచి రుద్రమ్మ మొగుడు పెద్దయ్య గొంతు వినిపించింది. “గట్టిగా అడుగు నర్సమ్మా. కోడలు పోయి పని యాడిదాడ నిల్చిపోయింది. మా యమ్మ పన్నెండు మందిని కనింది, యే పూసా జరపలే. ఇంట్లో ఎన్ని చేతులుంటే అంత నేత.”

“ఆ చేతులన్నీ ఏ కడుపులోంచి రావాలప్పా?” అంది సుగుణమ్మ.

“ఇంగేముంది, ఆడోళ్ల కడుపులోంచే,” అని పెద్దయ్య నవ్వి, మళ్లీ పోగుల మధ్య నాడె విసిరాడు.

మగవాడు కాబట్టి అట్లా అన్నాడులే అని సరిపెట్టుకుంది సుగుణమ్మ. ఈమెకేమయింది? కోపమంతా గడపలో కూర్చున్న రుద్రమ్మ మీదికి తిరిగింది.

“చూడవ్వా. నీ కాలం అయిపోయింది. కన్నావు, పెంచావు, గండాలన్నీ గట్టెక్కావు. నీకిక ఏ భయమూ లేదు. ఆ పిల్లకుంది. ఆమెకు నేనివ్వగలిగింది ఒక్క పూసల దండ. దాన్ని దాచిపెట్టి, పిల్లను తరిమి, కొడుకును కట్టేసి నువ్వేం బావుకుంటావు? నీ అంత కఠినాత్మురాలిని ఈ తాలూకాలో చూడలేదు.”

రాట్నం ఆగింది. రుద్రమ్మ లేచి, మగ్గం చప్పుడు వినిపిస్తోందో లేదో ఒక్క క్షణం చెవొగ్గి విన్నది. తరువాత గడప దిగి సుగుణమ్మ దగ్గరికొచ్చింది.

“ఇంగొక దండ ఇయ్యి నర్సమ్మా. అది చేతికొస్తే రేపే కోడల్ని పిలిపిస్తా. దినామూ నేనే దగ్గరుండి పూస జరిపిస్తా.”

“ఇంటికొకటే అని చెప్పినా గదా. ముందు ఇచ్చిందేమయింది?”

“ఉంది.”

“ఉంటే ఆమెకివ్వడానికేం? దాంతో నీకేం పనవ్వా?”

రుద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నాకింకా ముట్లుడగలేదమ్మా.”