డిస్కులో చోటు

“ఇవాళ కుర్చీ నీది” అన్నాడు ఆదిశేషు.

భానుమతి కొంగుకి చేతులు తుడుచుకుంటూ అనుమానంగా చూసింది.

కంప్యూటర్ ఇంటికొచ్చి రెండేళ్ళు. “నీకోసమే కొన్నాను. నీ ఎమ్మెస్సీ లెక్కలు తుప్పు పట్టకూడదు కదా” అన్నాడు అప్పట్లో. బిల్లు కూడా ఆమె పేరునే రాయించాడు. అమెరికాలో వాళ్ళుండే సన్నీవేల్‌లోని తెలుగువాళ్ళందరికీ ఆ సంగతి చెప్పాడు. ఆమె మురిసిపోయి, పాత సిల్కు చీర చింపి దానికి గలేబు కుట్టింది.

ఆ తర్వాత దుమ్ము తుడవడం వరకే ఆమె వంతు. ఆఫీసు నుంచి వస్తూనే అతను దాని ముందు కూర్చునేవాడు. తనకీ కాసేపు ఇమ్మంటే ఒకటే జవాబు.

“డిస్కులో చోటు లేదు భానూ.”

ఆమెకి కావలసింది కొంచెం చోటే. కిందటేడు ఊళ్ళో అందరూ ఇండియా పంచాంగం చూసి వినాయక చవితిని పంచమి నాడు చేసుకున్నారు. అక్కడ బుధవారం వచ్చే తిథి ఇక్కడ మంగళవారమే రావచ్చని ఎవరికీ తట్టలేదు. భానుమతి సన్నీవేల్ సూర్యోదయాన్ని బట్టి తిథులు లెక్కగట్టే ప్రోగ్రాం రాసింది. కాగితం మీద. ఉగాదికి తెలుగు సంఘం వేసే పుస్తకంలో ఆ తిథులు అచ్చవ్వాలని, కింద తన పేరు ఉండాలని ఆశ. ఆ కాగితాలేమో వంటింటి డ్రాయర్లో పడి పసుపు మరకలు పట్టాయి.

నీకోసమే అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమె ఆ డ్రాయరు విసురుగా మూసేది. పదిమందిలో ఇచ్చి, నాలుగు గోడల మధ్య తీసేసుకున్నాడు.

అలాంటిది ఇవాళ తనే కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

“పనికిరానివన్నీ చెరిపెయ్. నీ పంచాంగానికి చోటు చేసుకో.”

ఆమె తెర మీది పేర్లు ఒక్కొక్కటే చదివింది. చదరంగం ఆట. ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాం, పాతది. ఆ కింద ఒకే రకం అంకెల పేర్లతో బారుగా ఫైళ్ళు.

“ఇవేమిటండీ?”

“చెత్త.”

“మొన్న గురువారం తేదీ ఉంది వీటి మీద. పాతవి కావేమో. ఫ్లాపీలోకి కాపీ తియ్యనా?”

“చెత్తకి కాపీ ఎందుకే! చెరిపెయ్యడమే. అయితే ఆగు, దామోదర్ వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు చేద్దువుగాని.”

దామోదర్‌ది ఆదిశేషు ఆఫీసే. భార్య వసుమతితో కలిసి కాఫీ వేళకి వచ్చాడు.

“రావోయ్! ఆఫీసులోనే నేను ఇంజనీర్ని. ఈ గదిలో ఇంజనీరు మా ఆవిడ” అన్నాడు ఆదిశేషు.

పెళ్ళయ్యాక పరాయివాళ్ళ ముందు అతను ఆమెని మెచ్చుకోవడం ఇదే మొదలు. భానుమతి చెవులు వేడెక్కాయి.

“అదృష్టవంతులు వదినగారూ! మా ఆయన నాకు టీవీ రిమోట్ కూడా ఇవ్వరు” అంది వసుమతి.

“ఇస్తే తిరిగిస్తావా?” అన్నాడు దామోదర్. అంతలోనే ఆదిశేషు వైపు తిరిగి, “సోమవారం ఆఫీసుకి లాయర్లు వస్తున్నారట. ఏం గొడవో...”

“శనివారం కూడా ఆఫీసు కబుర్లేనా? పకోడీలు చల్లారిపోతున్నాయ్, తిను.”

భానుమతి చదరంగం చెరిపింది. ఉత్తరాల ప్రోగ్రాం చెరిపింది. అంకెల పేర్ల దగ్గర వేలు ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. ఆదిశేషు గుమ్మం దగ్గరే ఉన్నాడు.

“ఇవి కూడా తీసెయ్యనా అండీ?”

“నీ ఇష్టం. నీ కంప్యూటర్, నన్నడుగుతావేం?”

ఆమె కీ నొక్కింది. పేర్లు మాయమయ్యాయి. వసుమతి చప్పట్లు కొట్టింది. క్లిక్‌మని చప్పుడైంది. ఆదిశేషు చేతిలో కెమెరా.

“ఇంకోటి. తెర కూడా పడాలి, కొంచెం పక్కకి జరుగు. మీ నాన్నగారికి పంపుదాం.”

కెమెరాలోంచి ఫోటో బయటికొచ్చింది. అందరూ దాని చుట్టూ మూగి, బొమ్మ తేలేదాకా చూశారు.

ఆ సాయంత్రమే ఆమె పసుపు మరకల కాగితాలు పక్కన పెట్టుకుని ప్రోగ్రాం ఎక్కించింది.

“ఒక్క ఏడాదికేనా? ముప్పై ఏళ్ళకి వేసెయ్. డిస్కులో చోటు ఉంది కదా, ఖాళీగా ఉంచకు” అన్నాడు ఆదిశేషు.

రెండేళ్ళ కినుక కరిగిపోయింది. మనిషిని తప్పుగా అనుకున్నానని ఆమె నొచ్చుకుంది కూడా.

సోమవారం మధ్యాహ్నం ప్రింటర్ కీచుమంటూ చైత్ర మాసం అచ్చు వేస్తోంది. తలుపు చప్పుడైంది. ఆ వేళప్పుడు ఆదిశేషు ఇంటికి రావడమే వింత. వెనక టై కట్టుకున్న అమెరికన్లు ఇద్దరు. కాఫీ పెట్టడానికి లేవబోయింది భానుమతి.

“మీరు కూర్చోండి” అన్నాడు వాళ్ళలో పెద్దాయన, మర్యాదగానే. కంపెనీ కొత్త డిజైన్‌ని ఎవరో బయటివాళ్ళకి అమ్మేశారని, అది ఈ ఇంట్లో కంప్యూటర్లోంచే వెళ్ళిందని తమకి తెలిసిందని చెప్పాడు.

భానుమతి భర్త వైపు చూసింది, ఆయనే చెబుతాడు కదా అని.

ఆదిశేషు కోటు జేబులోంచి భానుమతి నాన్నగారికి పంపాల్సిన ఫోటో తీసి పెద్దాయన చేతిలో పెట్టి, “ఈ కంప్యూటర్ మా ఆవిడది, బిల్లు కూడా ఆమె పేరునే ఉంది, శనివారం ఇందులోంచి ఏం చెరిపేసిందో నాకు తెలీదు, కావాలంటే దామోదర్‌ని అడగండి” అన్నాడు.