అచ్చిరాని చెయ్యి

"తాడు వదులు బాలాజీ" అన్నాడు పవన్.

బాలాజీ వదల్లేదు. మంగినపూడి బీచ్‌కి కాస్త ఎడంగా, వేటకి బయల్దేరిన బోటును ఇసుకలోంచి నీళ్ళలోకి లాగుతున్నారు. చూస్తూ నిలబడటం చేతకాక అతనూ వెళ్ళి తాడు పట్టుకున్నాడు. అంతే, లాగుతున్నవాళ్ళందరూ ఒక్కసారిగా ఆగిపోయారు.

"ధనుష్‌కి జ్వరం. మీకు ఒక మనిషి తక్కువ. నేనొస్తాను."

"తక్కువైతే మా తిప్పలేవో మేం పడతాం. నువ్వు పక్కకి జరుగు."

"ఎందుకు జరగాలి? కారణం చెప్పు, జరుగుతాను."

పవన్ బోటు యజమాని వీరాంజనేయులు వైపు చూశాడు. ఆయన డీజిల్ క్యాను మూత బిగిస్తూ తలెత్తలేదు.

"నీ చెయ్యి అచ్చిరాదురా" అన్నాడు పవన్, ఎటో చూస్తూ. "నువ్వు ముట్టుకుంటే వల ఖాళీగా వస్తుందంట."

"ఏనాడైనా నన్ను బోటెక్కించుకున్నారా? ఎక్కకుండానే నా చెయ్యి సంగతి మీకెలా తెలిసింది?"

ఒకడు కాలితో ఇసుక గీరుతున్నాడు.

బాలాజీకి ఒళ్ళు మండిపోయింది. వీళ్ళందరూ తనతో కలిసి చదువుకున్నవాళ్ళే. క్రికెట్‌కి రమ్మంటారు. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చోబెట్టుకుంటారు. వేట మాట వచ్చేసరికి మాత్రం తను పరాయివాడు. టీకొట్టు దగ్గరికి తను వెళ్తే సముద్రం కబుర్లు ఆగిపోతాయి. బోటు కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులో తనని చేర్చరు. చిరిగిన వల బాగుచేస్తుంటే సాయం కూర్చోబోయినా "వద్దులే" అని చేతిలోంచి లాక్కుంటారు. ఈతలో తనని మించినవాడు ఊళ్ళో లేడు. అయినా తనకి 'ఒడ్డు బాలాజీ' అని పేరు పెట్టి నవ్వుకుంటారు. మొదట చిన్నవాడివన్నారు. తర్వాత గుర్తింపు కార్డు లేదన్నారు. ఆఫీసుల చుట్టూ తిరిగి కార్డు తెచ్చుకున్నాక, ఈ అచ్చిరాని చెయ్యి మొదలైంది.

తాడు వదిలేసి వీరాంజనేయులు దగ్గరికి వెళ్ళాడు.

"మావయ్యా, మీరైనా చెప్పండి. మా నాన్న సముద్రంలోంచి తిరిగి రాలేదనా? అందుకని మా ఇంటి మనిషే అచ్చిరాడా?"

వీరాంజనేయులు క్యాను తీసుకెళ్ళి బోటులో పెట్టాడు. మూత మళ్ళీ ఒకసారి బిగించాడు.

"అదే అనుకో" అన్నాడు చివరికి.

"అనుకోవడం కాదండీ. మీ నోటితో చెప్పండి."

"నా బోటు నువ్వు ఎక్కడానికి వీల్లేదు. సరేనా? గుడివాడలో మా బావమరిది పంపుల షాపులో మనిషి కావాలంటున్నాడని ఎన్నిసార్లు చెప్పాను? వెళ్ళి హాయిగా నీడపట్టున పని చేసుకో."

"నేను పంపుల షాపు గురించి అడిగానా మిమ్మల్ని?"

బాలాజీ ఇంకేమీ ఆలోచించలేదు. బోటు అంచు పట్టుకుని ఒక్క ఊపులో పైకెక్కాడు. పవన్, ఇంకో ఇద్దరూ వెంటనే ఎక్కి, రెక్కలు పట్టుకుని కిందికి లాగారు. మోకాలి లోతు నీళ్ళలో వెల్లకిలా పడ్డాడు. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయాయి. లేపడానికి పవన్ చెయ్యి చాపితే విసిరికొట్టాడు.

కాస్త అవతల, ఒడ్డుకొచ్చిన ఇంకో బోటు దగ్గర చేపలు బేరమాడుతున్న అతని తల్లి నాగరత్నం అది చూసింది. తట్ట ఇసుకలో పడేసి పరుగెత్తుకొచ్చింది.

"నా కొడుకుని నీళ్ళలోకి తోస్తారా? మీ చేతులు పడిపోను! వాడు మీకేం తక్కువరా? అందరూ ఒకటై ఒక్కణ్ణి చేసి ఏడిపిస్తారా?" అంటూ కొంగు నడుముకి చెక్కి పవన్ మీదికి వెళ్ళింది. అక్కణ్ణుంచి వీరాంజనేయులు వైపు తిరిగింది. "నువ్వూ ఒక పెద్దమనిషివేనా అన్నయ్యా? తండ్రి లేని పిల్లాడంటే లోకువా నీకు?"

వీరాంజనేయులు తల వంచుకుని అన్నీ పడ్డాడు. పవన్ ఏదో అనబోయాడు. ఆయన కళ్ళతోనే వారించేసరికి మింగేశాడు.

ఇంత ఊళ్ళో తన తరఫున నోరెత్తేది అమ్మ ఒక్కతే. బాలాజీ నీళ్ళలోంచి లేచొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పోనీలే అమ్మా, వీళ్ళనింక బతిమాలేది లేదు. రేపే నిజాంపట్నం వెళ్ళిపోతాను. అక్కడ బోలెడు బోట్లు. నేనెవరో, నాన్న ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. ఎవడో ఒకడు ఎక్కించుకోకపోడు."

నాగరత్నం కాసేపు కొడుకు ముఖంలోకి చూసింది. కొంగు విప్పి అతని తల తుడిచింది.

"ముందు ఇంటికెళ్ళి ఆ తడిబట్టలు మార్చుకో నాయనా. నేను వీళ్ళ సంగతి తేల్చుకునొస్తాను" అంది.

బాలాజీ వెనక్కి చూడకుండా నడిచాడు. అతను సరుగుడు తోట దాటి రోడ్డెక్కేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. ఆ తర్వాత మెల్లగా వీరాంజనేయులు ముందుకి వచ్చి రెండు చేతులూ జోడించింది.

"తిట్టానని మనసులో పెట్టుకోకు అన్నయ్యా, నాకిచ్చిన మాట కోసం అందరూ ఇన్నాళ్ళూ మాటలు పడ్డారు. నిజాంపట్నంలో నీకు తెలిసినవాళ్ళకి కూడా ఇప్పుడే ఫోన్ చేసి, మా వాడి చెయ్యి అచ్చిరాదని చెప్పవా?"